సున్నా చూపించిన లేజర్

అమలాపురం బస్టాండులో కొబ్బరిబొండాలు అమ్మే వెంకన్న గారు నిజానికి దేశ భద్రతా విభాగంలో పెద్ద అధికారి. ఆ మారువేషం ఎంత గట్టిదంటే, పదకొండేళ్లలో నాలుగు లక్షల బొండాలు అమ్మారు, ముగ్గురు గూఢచారుల్ని పట్టుకున్నారు.

“లేత బొండం ఉందాండీ?” అన్నాడు ఏజెంట్ శివనాగరాజు.

అది కోడ్ వర్డ్. రోజూ వంద మంది అదే అడుగుతారు. అందుకే దాన్ని ఎంచుకున్నారు.

వెంకన్న బొండం చెక్కుతూ బ్రీఫింగ్ ఇచ్చారు. ఓడలరేవు దగ్గర గ్యాస్ ప్లాంటులో ఈ రోజు తొమ్మిదింటికి వెల్డింగ్ పని. సరిగ్గా అప్పుడే ఒక విదేశీ ముఠా లోపల గ్యాస్ వదలబోతోంది. షిఫ్టులో మూడొందల నలభై మంది ఉంటారు. లీకును పసిగట్టే లేజర్ డిటెక్టర్‌కు ముందే కళ్లు పొడిచేస్తారు. ఆ పని చేసేది లోపలి మనిషే. కోడ్ నేమ్ ఆర్కిడ్.

“స్ట్రాలు ఒకటా, రెండా?” అని చివర్లో అడిగారు. ఆ విభాగంలో ప్రేమలు దాగవు.

“ఇంకా ఒకటేనండి.”

శివనాగరాజు మూడు నెలలుగా ఆ ప్లాంటులో హెల్పర్ వేషంలో ఉన్నాడు, లేజర్ ఇంజినీర్ కీర్తి దగ్గర. అతను ఐ.పోలవరంలో రొయ్యల చెరువు గట్ల మీద పెరిగిన మనిషి. లేజర్ పనంతా కీర్తే నేర్పింది. లేజర్ డయోడ్ ఆవగింజంత. దానికి కొలిచి కరెంటు ఇచ్చే బోర్డు పేరు డ్రైవర్. ఆ కరెంటు పిసరంత మారినా వెలుగు రంగు మారిపోతుంది. ప్లాంటు గ్యాసులోని మీథేన్ మింగే రంగు మీద లేజర్‌ను కదలకుండా నిలబెట్టడమే డ్రైవర్ ఉద్యోగం. ఆసుపత్రి లేజర్ల వెనకా, ఇంటర్నెట్ తీగల వెనకా ఉండేది ఇలాంటిదే.

“ఒక్కసారిగా కరెంటు ఇస్తే డయోడ్ చచ్చిపోద్దండి. మెల్లగా పెంచాలి” అనేది.

అతను తన ప్రేమను కూడా అలాగే పెంచుతున్నాడు. మూడు నెలలైనా ఒక్క మిల్లీయాంప్ బయటపడలేదు.

ఎనిమిదీ నలభైకి కంట్రోల్ రూమ్‌లో మీథేన్ రీడింగ్ సున్నా. గాలి ఎంత శుభ్రంగా ఉందోనని ఆపరేటర్ బాబూరావు మురిసిపోతున్నాడు.

శివనాగరాజు స్క్రీన్ దగ్గరికి వంగి మళ్లీ చూశాడు. గాలిలో మీథేన్ ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. కోనసీమలోనైతే వరిమళ్లూ చెరువుల బురదా దాన్ని వదులుతూనే ఉంటాయి. రోజూ పది లక్షల పాళ్ల గాలిలో రెండు పాళ్లకు పైనే చూపించేది. ఆ సంగతి చెప్పింది కీర్తే.

వెల్డింగ్ పని ఆపమన్నాడు శివనాగరాజు. స్క్రీన్ మీద సున్నా ఉండగా ఆపడానికి రూల్ లేదన్నాడు బాబూరావు.

పరిగెత్తి వెళ్తే, డిటెక్టర్ పెట్టె దగ్గర కీర్తి నేల మీద కూర్చుని ఉంది. ఒంటి మీది స్థిర విద్యుత్తు బోర్డును కాల్చకుండా మణికట్టుకు ఎర్త్ పట్టీ, ఒళ్లో అసలు డ్రైవర్. పెట్టెలో నకిలీది.

“ఆర్కిడ్ మీరేనాండీ?”

“ఆయ్.”

కాఫీ తాగారా అని అడిగినా ఆవిడ అదే గొంతుతో ఆయ్ అనేది.

“నేను బోర్డు మార్చేదాకా మా తమ్ముడు గంగబాబుని ముఠావాళ్లు పడవలో కట్టేసేరండి. స్క్రీన్ మీద సున్నా చూసేక ఎనిమిదిన్నరకి వదిలేరు. ఇప్పుడే ఫోన్ చేసేడు.”

“రెండున్నర చూపించేలా పెట్టుంటే ఎవరికీ తెలిసేది కాదు కదండీ?”

“వాళ్లకి బురద తెలీదు. మీకు తెలుసు. మీరు చూస్తారనే సున్నా పెట్టేను.” బోర్డు అందించింది. “నా చేతులు వణుకుతున్నాయండి. డయోడ్ పోద్ది. మీరు మార్చండి.”

పట్టీ తన చేతికి మార్చుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. అసలు బోర్డు బిగించి ఎనిమిదీ యాభై ఎనిమిదికి స్విచ్ వేశాడు. డ్రైవర్ కరెంటును మెల్లగా పెంచుతోంది. నలభై సెకన్లు. దేశం కోసమైనా అది తొందరపడదు. ప్రేమ చెప్పడానికి అతనికి మిగిలింది ఆ నలభై సెకన్లే. మీటరు చూస్తూ గడిపేశాడు.

రెండు పాయింట్ నాలుగు. తొమ్మిదైంది. తొంభై. ఎనిమిదొందలు.

సైరన్ మోగింది. వాల్వులు వాటంతటవే మూసుకున్నాయి. రాజేయబోయిన వెల్డర్ టార్చి దించేశాడు. పైపుల వెనక దాక్కున్న ఇద్దరు ముఠావాళ్లు దొరికిపోయారు.

కీర్తి చేతులు ముందుకు చాపింది. బేడీలు అతనే వేశాడు.

“మీరు మరీ మెల్లగా పెంచేరండి” అంది. “మూడు నెలలు చూసేను.”

జీపు వెళ్లిపోయింది.

సాయంత్రం బస్టాండులో లేత బొండం ఉందా అని అడిగాడు. స్ట్రాలు ఒకటా, రెండా అని వెంకన్న గారు అడగలేదు. ఒకటి వేసి ఇచ్చారు. ఆ విభాగంలో బయటికి అనకుండా దాచిన సంగతి అదొక్కటే.