రంజన్ నీళ్లు

తెల్లారి ఏడు కూడా కాలేదు, గౌడవెల్లిలో ఎండ అప్పుడే మొహం మీద కొడుతోంది. శంకరమ్మ వాకిట్లో చల్లిన కళ్లాపి ముగ్గు వేసేలోపే ఆరిపోయింది. "పాడు ఎండలు, ముగ్గు గూడ ఆగుతలేదు" అని తిట్టుకుంటూ లోపలికొచ్చి, పొయ్యి మీద వాము వేసి కాచిన నీళ్లు చిన్న గ్లాసులోకి వంపి, బాలింత గది తలుపు కొద్దిగా తెరిచింది.

కొద్దిగానే. తలుపు పూర్తిగా తెరిస్తే గాలి వస్తుంది, గాలి వస్తే బాలింతకు పడదు. కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. నులక మంచం కింద సాంబ్రాణి వేసిన కుంపటి. మంచం మీద రోజారాణి, శంకరమ్మ ఒక్కగానొక్క కూతురు, తలకు తువ్వాల బిగించుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, చెమటలో నానుతూ కూర్చుంది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. పక్కన రెండు పాత చీరల మడతల్లో మూటలా చుట్టిన ఆడపిల్ల. పుట్టి పది రోజులు కూడా నిండలేదు.

రోజారాణి గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. "అమ్మా, ఇంకిన్ని ఇయ్యవా? నాలుక పిడచగట్టుకపోతాంది."

"బాలింతకు గన్ని నీళ్లెందుకే? నీ కడుపు పెరుగుతది, పిల్లకు జలుబు జేస్తది."

"పాలు సరిగ్గ వస్తలేవు. పాప గుంజి గుంజి అలిసిపోతాంది."

"ఎల్లిపాయ కారం మంచిగ తిను, అవే వస్తయి" అని శంకరమ్మ కూతురి నుదుటి చెమట కొంగుతో తుడిచింది. కఠినురాలేం కాదు శంకరమ్మ. కూతురి పురుటి కోసం కూలి పనులన్నీ పక్కన పెట్టి, కంటి మీద కునుకు లేకుండా కాచుకున్న మనిషి. నీళ్ల దగ్గర మాత్రం ఎవరి మాటా వినదు.

ఎందుకు వినదో ఊళ్లో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఇలాంటి రోహిణి కార్తెలోనే ఆమెకు తొలి కొడుకు పుట్టాడు. అత్త ఇంట్లో లేని సమయం చూసి, దాహం ఆపుకోలేక, పందిరి కింది మట్టి రంజన్ కుండలోంచి ఒక చెంబెడు చల్లటి నీళ్లు ముంచుకుని తాగింది. ఆ తర్వాత పసివాడికి ఒళ్లు కాలిపోయింది. చలి పట్టిందని గొంగట్లో చుట్టి, పక్కన నిప్పులు పెట్టారు. పేరైనా పెట్టకముందే పోయాడు. "నీ బిడ్డను నువ్వే సంపుకున్నవ్" అంది అత్త. ఆ ఒక్కమాటతో ఊరుకుందా? ఊళ్లో ఎవరికి కాన్పు అయినా అక్కడికి వెళ్లి, శంకరి నీళ్లు తాగి కొడుకును ఎలా మింగిందో కథలా చెప్పేది. బతికినన్నాళ్లూ చెప్పింది. ఆనాటి నుంచి శంకరమ్మ రంజన్ ముట్టలేదు. మండు వేసవిలో కూడా నీళ్లు గోరువెచ్చగా చేసుకునే తాగుతుంది. చూసినవాళ్లు అది ఆమె అలవాటు అనుకుంటారు.

అల్లుడు కుమార్ జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఆ పొద్దున రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా, బండి వెనక టేబుల్ ఫ్యాను కట్టుకుని నేరుగా వచ్చాడు. ఫ్యాను చూడగానే శంకరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అదెందుకు తెచ్చినవ్ అల్లుడా?"

"రోజా గదిల పెడ్దామని అత్తమ్మా. రేకుల ఇల్లాయె, ఉడికిపోతాంది."

"బాలింతకు ఫ్యాను గాలా? నీకేమన్న సోయి ఉందా?"

"అత్తమ్మా, మా కంపెనీల మొన్న ఒకాయన లారీ లోడు జేసుకుంటనే దబ్బున పడ్డడు. వడదెబ్బ. నీళ్లు తాగున్రి, గాలికుండున్రి అని అందరికి జెప్పిన్రు. మీ ఊర్ల గాలయ్య గట్లనే పాయె కదా."

"గాలయ్య ఎండల తిరిగిండు, ఎండ దెబ్బ తగిలింది. నా బిడ్డ గడప దాటిందా? నీడకే ఉంది కదా! నీడల ఉన్నోళ్లకు వడదెబ్బ ఎట్ల తగుల్తది?"

ఎండ గుమ్మం బయటే చెప్పులు విడిచి ఆగిపోతుందని ఎవరు చెప్పారో ఆమెకు! పాత గూనపెంకుల ఇల్లు, మట్టి గోడలు, వెనక మామిడి తోట ఉన్న రోజుల్లో ఆ మాట కొంతైనా చెల్లేదేమో. ఇప్పుడు పెంకులు పోయి సిమెంటు రేకులు వచ్చాయి. తోట పోయి ప్లాట్ల తెల్ల రాళ్లు వచ్చాయి. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి. బాలింత గది మాత్రం మారలేదు.

"మామా, నువ్వన్న జెప్పు" అన్నాడు కుమార్.

అరుగు మీద కూర్చున్న శంకరమ్మ మొగుడు లింగస్వామి బీడీ ఆర్పేసి, "ఆడోళ్ల ముచ్చట, నాకేం ఎరుక" అని తల దించుకున్నాడు. ఇంట్లో గొడవ ముదిరితే చాలు, ఆయనకు మాట పడిపోతుంది.

బాగా పొద్దెక్కాక శంకరమ్మ వేపమండల కోసం చెరువుగట్టు వైపు వెళ్లగానే కుమార్ ఆగలేదు. కిటికీ పట్టా పీకి, కుంపటి బయట పెట్టి, ఫ్యాను తిప్పాడు. రోజారాణి ఆ గాలికి కళ్లు మూసుకుని, "కుమార్, నీళ్లు" అంది. పందిరి కింది రంజన్లోంచి చెంబుతో ముంచి తెచ్చాడు. ఆమె తాగుతుంటే గుండె తరుక్కుపోయింది. కట్టుకున్న మనిషి పుట్టింట్లో దొంగచాటుగా నీళ్లు తాగుతోంది!

కాసేపటికే కరెంటు పోయింది. మళ్లీ రాలేదు. మధ్యాహ్నానికి రేకులు పెనంలా కాలిపోయి గదిలో ఊపిరి ఆడటం లేదు. పాప రొమ్ము అందుకోవడం మానేసింది. ఏడవడం కూడా మానేసింది.

వేపమండలతో తిరిగొచ్చిన శంకరమ్మ పిల్లను ముట్టుకుని ఉలిక్కిపడింది. "అయ్యో, ఒళ్లు కాలిపోతాంది! చలి పట్టింది పిల్లకు!" అంటూ చుట్టూ చూసింది. ఫ్యాను కనిపించింది. తెరిచిన కిటికీ కనిపించింది. మంచం కింద తడి చెంబు కనిపించింది. మొహంలో రక్తం ఇంకిపోయింది.

"కుమార్, నా ఇల్లు ముంచినవ్ కదరా! పొద్దుగాలనే వద్దంటి కదా!" గబగబా పట్టా కట్టేసింది, కుంపటి లోపలికి లాక్కొచ్చింది, పిల్ల మీద ఇంకో దుప్పటి కప్పింది. "రోజా, నిజం జెప్పు. రంజన్ల నీళ్లు తాగినవా?"

"తాగిన" అంది రోజారాణి. పెదవులు పగిలి మాట సరిగ్గా రావడం లేదు. "దూప ఆగలేదమ్మా. నేనేం జెయ్యాలె?"

"అత్తమ్మా, పిల్ల మీదికెళ్లి దుప్పటి తియ్. దవాఖానకు పోదాం" కుమార్ ముందుకొచ్చాడు.

"ముట్టకు! నువ్వు జేసింది సాలు" అని అతన్ని నెట్టేసి, శంకరమ్మ కూతురి వైపు తిరిగింది. ఆమె గొంతు ఆమెది కాకుండా పోయింది. "సంపుకుంటవే! నీ బిడ్డను నువ్వే సంపుకుంటవ్!"

రోజారాణి "నేనే సంపుతున్ననా అమ్మా?" అని చిన్నపిల్లలా అడిగింది.

గుమ్మంలో లింగస్వామి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో ఎవరూ చూడలేదు.

"శంకరీ" అన్నాడు. "అది మా అమ్మ మాట. గా మాట నీ నోట్లెకెళ్లి రావద్దు."

శంకరమ్మ చెంప మీద కొట్టినట్టు ఆగిపోయింది.

లింగస్వామి మంచం దగ్గరికి వెళ్లి, దుప్పటి విసిరేసి, పిల్లను ఎత్తుకున్నాడు. "కుమార్, సౌరస్త కాడ ఆటో ఉంటది, జల్దీ పిల్వుపో. నా కొడుకు నిమిషంల పాయె. గప్పుడు నేను అరుగు మీదనే కూసున్న. ఇయ్యాల కూసోను." రోజారాణి లేచి నిలబడబోయి తూలి గోడకు ఒరిగిపోయింది. శంకరమ్మే పరుగెత్తి ఆమెను పట్టుకుంది.

మేడ్చల్‌లో చక్రపాణి డాక్టరు చిన్న దవాఖానలో ఆటో ఆగేసరికి పాప కళ్లు తేలేస్తోంది. డాక్టరు మరో మాట అడగకుండా బట్టలన్నీ విప్పించి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిపించాడు. నడినెత్తి మీద వేలు పెట్టి చూశాడు. మెత్తటి మాడు లోపలికి దిగిపోయి ఉంది.

"ఒంటికి పోయి ఎంత సేపైంది?"

"పొద్దుగాల నుంచి పోలేదు సార్" అన్నాడు కుమార్.

పాపకు సెలైన్ పెట్టారు. పక్క మంచం మీద రోజారాణికీ పెట్టారు. శంకరమ్మ గోడ పక్కన నేల మీద చతికిలబడి, రెండు సీసాల్లో పడుతున్న చుక్కలు చూస్తూ కూర్చుంది. ఏ దేవుడికి మొక్కాలో కూడా తోచలేదు.

ఎండ వాలే వేళకు పాప చెయ్యి కదిలింది. తర్వాత కాలు. తర్వాత ఒక్కసారిగా గది అదిరేలా కేర్ మంది. కుమార్ గోడకు మొహం పెట్టుకుని ఏడ్చేశాడు. డాక్టరు నవ్వి, "ఇగ భయం లేదు. గట్టి పిల్లనే" అని చేతులు తుడుచుకుంటూ శంకరమ్మ వైపు తిరిగాడు.

"ఏమమ్మా, బాలింతకు నీళ్లు ఎందుకిస్తలేరు? ఆమె ఒంట్ల నీళ్లు లేవు, పాలు ఏడికెళ్లి వస్తయి? పాలు లేక, మీరు చుట్టిన బట్టల వేడికి పిల్ల ఎండిపోయింది. ఇది చలి కాదు, వేడి. వడదెబ్బకు ఎండల తిరిగే పని లేదు, మీ రేకుల గది చాలు."

శంకరమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. "సారూ, ఒక్క మాట అడుగుత. బాలింత రంజన్ల నీళ్లు తాగితే పిల్ల సస్తదా?"

"ఎవరు జెప్పిన్రు నీకు?"

"నా తొలి కొడుకు సారూ. గిట్లనే రోహిణి కార్తె. ఒళ్లు కాలింది. గొంగట్ల సుట్టినం, నిప్పులు వెట్టినం. నేను ఒక చెంబు నీళ్లు తాగిన." ఆమె జోడించిన చేతులు దించలేదు. "నేను తాగినందుకేనా సారూ?"

డాక్టరు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అప్పటి రోగమేందో సూడకుండ నేనెట్ల జెప్తనమ్మా? గానీ నువ్వు నీళ్లు తాగినందుకైతే కాదు. నీళ్లు తాగిన తల్లి బిడ్డను సంపదు. గిది మాత్రం నిజం."

శంకరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టినా ఆగలేదు. ముప్పై ఏళ్లుగా దాచిపెట్టుకున్న ఏడుపు అది. "నేను సంపలేదట! ఇంటున్నవా? నేను సంపలేదట!" అని మొగుడి చొక్కా పట్టుకుని ఊపుతూ ఏడ్చింది. లింగస్వామి కూడా ఏడుస్తూ, "నాకెరుకనే శంకరీ, నువ్వు సంపవని నాకెప్పుడూ ఎరుకనే. అమ్మ ముంగట నోరు రాలే" అన్నాడు.

"అమ్మా" అని మంచం మీంచి రోజారాణి పిలిచింది. "దూపైతాంది."

వరండాలో రోగుల కోసం పెట్టిన రంజన్ ఉంది, చుట్టూ తడిగుడ్డ కట్టి. శంకరమ్మ దాని ముందు నిలబడి ఒక క్షణం తటపటాయించింది. మూత తీసింది. గ్లాసు నిండా ముంచింది. సగం నీళ్లు దారిలోనే ఒలికాయి. కూతురి తల ఒళ్లో పెట్టుకుని, "తాగు బిడ్డా, మస్తు తాగు. తప్పు నాదే" అంది.

కుమార్ దగ్గరికొచ్చి, "అత్తమ్మా, నేను గూడ అడగకుండ జేసిన. తప్పే" అన్నాడు.

"నువ్వు జెయ్యకపోతే ఇంకేముండె కొడుకా" అని అతని తల నిమిరింది.

రోజారాణి గ్లాసు ఖాళీ చేసి తల్లి మొహంలోకి చూసింది. పొద్దుటి నుంచి తల్లి పెదవులు కూడా తడవలేదని అప్పుడు గుర్తొచ్చింది. "నువ్వు గూడ తాగమ్మా."

శంకరమ్మ కదల్లేదు. లింగస్వామే లేచి వెళ్లి, రంజన్లోంచి ముంచి తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. కళ్లు మూసుకుని తాగింది. నీళ్లు గొంతులోంచి గుండెలోకి చల్లగా దిగాయి.

"గింత సల్లగుంటయని మర్సేపోయిన" అంది.

ఖాళీ గ్లాసు మొగుడి ముందుకు చాపింది. "ఇంకిన్ని ఇయ్యి."