స్థలానికి వంద, కరెంటుకు యాభై

తెల్లవారకముందే స్నానం ముగించుకోవడం సుహాసినికి పెళ్లయిన నాటి నుంచి అలవాటు. అది భక్తి వల్ల వచ్చింది కాదు, తలుపు లేకపోవడం వల్ల వచ్చింది. ఇంటి వెనక నాలుగు కట్టెలు పాతి పాత చీర చుట్టిందే ఆ ఇంటి స్నానాల గది. రోడ్డు మీద మనుషుల అలికిడి మొదలయ్యేలోపు నాలుగు చెంబులు పోసుకుని బయటపడాలి. ఈసారి వేరుశనగ అమ్మగానే ఇటుకలు తోలిస్తానని మొగుడు లక్ష్మణ్ ఏటేటా అంటాడు. వేరుశనగ ఏటేటా అమ్ముడవుతుంది. గది మాత్రం లేవదు.

ఆ డిసెంబరులో తుంగభద్రకు పుష్కరాలు వచ్చాయి. అలంపూర్ పోయే రోడ్డు మీదే వాళ్ల ఇల్లు. ఇంటి పక్కన రోడ్డుకు ఆనుకుని వాళ్లదే ముప్పై గుంటల చేను, పంట కోసి ఖాళీగా ఉంది. పుష్కరాలు మొదలైన మూడో పొద్దున సుహాసిని వాకిట్లో కళ్లాపి చల్లుతుంటే, ఆ చేను ముందు ఒక వింత బండి వచ్చి ఆగింది. కిటికీలకు పూల తెరలు, లోపల రెండు మంచాలు, గ్యాసుపొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. బండి అనేకంటే చక్రాల మీద ఇల్లు అనాలి. అందులోంచి రాయచూరు బ్యాంకులో పనిచేసి రిటైరైన గురుబసప్ప, ఆయన భార్య దిగారు. ఊళ్లో లాడ్జీలు నిండిపోయాయట, ఘాట్ల దగ్గర బండి నిలపడానికి జాగా లేదట.

"ఎష్టమ్మా, ఒక దినానికి?" అని కన్నడం కలిసిన తెలుగులో రేటు అడిగాడాయన.

సుహాసిని ఒక్క క్షణం ఆలోచించింది. "స్థలానికి వంద, కరెంటుకు యాభై."

"ఒట్టి నేలకు వందా? మంచం నాది, పొయ్యి నాది, దుప్పటి కూడా నాదే. నువ్వు ఇచ్చేదేమి?"

"గా ఒట్టి నేల కోసమే కద సారు, మీరు అలంపురం దాంక పోయి మల్లొచ్చింది!"

ఆయన పెద్దగా నవ్వాడు. "కరెంటు బేడ అంటే?"

"గప్పుడు వందే. కాని చీకట్ల అమ్మ పరేషాన్ అయితది మరి."

అమ్మగారు కరెంటు కావాల్సిందేనంది. నూట యాభై సుహాసిని చేతిలో పడింది. మధ్యాహ్నానికి ఇంకో రెండు వ్యాన్లు, సాయంత్రానికి ఒక మినీబస్సు వచ్చి చేలో బారులు తీరాయి. సుహాసిని మనసులో ఇటుకలు పేర్చుకోవడం మొదలుపెట్టింది.

కరెంటు ఇంటి మీటరు నుంచి ఇస్తే బిల్లు తడిసి మోపెడవుతుంది. చేలో బోరు మోటరుకు మాత్రం సర్కారు కరెంటు ఉచితం. మోటరు నడిచే కరెంటు రోజుకు కొన్ని గంటలే వస్తుంది గానీ, మిగతా వేళల్లో బల్బులు వెలిగే పాటి ఉంటుంది. లక్ష్మణ్ మోటరు డబ్బా నుంచి వైరు లాగి బండ్లకు తగిలించాడు. ఊరకే వచ్చేదాన్ని యాభైకి అమ్ముకోవడంలో తప్పు కనబడలేదు ఇద్దరికీ.

తప్పు కనబడింది సత్తెమ్మకు. ఆమె సుహాసిని తోటికోడలు, పక్కింట్లోనే ఉంటుంది. ఆమె మొగుడు నర్సింహులు పుణెలో మేస్త్రీ పని చేస్తూ ఏడాదికోసారి ఇంటికొస్తాడు. సేద్యమంతా సత్తెమ్మదే. అన్నదమ్ములు పాళ్లు పంచుకున్నప్పుడు చీట్లు వేస్తే రోడ్డు మీది ముక్క చిన్నోడు లక్ష్మణ్‌కు పడింది, వెనక చేను పెద్దోడు నర్సింహులుకు పోయింది. అప్పటి నుంచి తోటికోడళ్ల మధ్య మాటలు తగ్గాయి.

ఆ సాయంత్రం సత్తెమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకునే ఆగి అడిగింది. "పుణ్యానికొచ్చినోళ్ల దగ్గర పైసలు గుంజుతున్నవా, పిల్లా?"

"నీళ్లకు తీసుకుంటలేనక్క. నీళ్లు ఊకెనే ఇస్తున్న. నేలకు, కరెంటుకే."

"కరెంటు నీ ఒక్కదానిదా? గా ట్రాన్స్‌ఫార్మరు మీద ఆరు మోటర్లున్నయ్. నా పల్లికి కాయ పట్టే ఊడలు దిగుతున్నయ్. ఇప్పుడొక్క తడి తప్పితే కాయ ఉండదు, తొక్క ఉండదు."

"రెండు బల్బులకు ఏమైతదక్క? నీ చేను రోడ్డు మీదుంటే నువ్వు పెట్టకపోదువా?"

సత్తెమ్మ మోపు సర్దుకుని వెళ్లిపోయింది. రోడ్డు ముక్క పడలేదన్న కడుపుమంట ఇంకా చల్లారలేదులే అనుకుంది సుహాసిని. ఎదుటివాళ్ల మాటలో కడుపుమంట వెతుక్కుంటే, ఆ మాటలోని నిజాన్ని వినే పని తప్పుతుంది కదా!

రెండు బల్బులన్నది మొదటి రోజు మాటే. డిసెంబరు చలి. నదిలో మునిగి వచ్చినవాళ్లు వణుకుతూ బకెట్లలో హీటర్లు పెట్టారు. ఒకరిని చూసి ఒకరు ఇస్త్రీపెట్టెలు తీశారు, మినీబస్సు వాళ్లు కరెంటు పొయ్యి మీద ఉప్మా చేశారు. ట్రాన్స్‌ఫార్మరు గద్దె దగ్గర ఫ్యూజు ఒకే రోజు మూడుసార్లు పోయింది. వెళ్లి తీగ కట్టి రావడం లక్ష్మణ్‌కు విసుగైంది.

"గా సన్నతీగ ఎందుకు? జర దొడ్డుది పెట్టరాదు?" అంది సుహాసిని.

"దొడ్డుది పెట్టొద్దంటరే."

"ఎవలంటరు? ఇంకో వారం దినాలే కద. పుష్కరాలైనంక మల్ల సన్నది పెడుదువు."

లక్ష్మణ్ అల్యూమినియం తీగ ముక్కను మెలిపెట్టి ఫ్యూజులో బిగించాడు. ఆ రోజు మళ్లీ ఫ్యూజు పోలేదు. భార్యాభర్తలు తమ తెలివికి తామే మురిసిపోయారు. ఫ్యూజు అంటేనే, ఇక నా వల్ల కాదని ముందుగా చెప్పేది. వీళ్లు దాని నోరు నొక్కారు.

మరుసటి పొద్దున మోటర్ల కరెంటు వచ్చింది. ఆరు మోటర్లూ నడుస్తున్నాయి, బండ్ల దగ్గర బకెట్లన్నింట్లో హీటర్లు మునిగి ఉన్నాయి. ఢాం అని ఊరదిరేలా శబ్దం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి నల్లటి పొగ లేచి, నూనె ధారగా కిందికి కారింది. మోటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

సుహాసిని "ముందు పోయి గా తీగ పీకెయ్యి. లైన్‌మన్ చూస్తే కేసే!" అని మొగుణ్ని తరిమింది. లక్ష్మణ్ బండ్లకు లాగిన వైర్లన్నీ చుట్టేసి గద్దె దగ్గరికి పరుగెత్తేసరికి, అక్కడ రైతులు గుమికూడి ఉన్నారు. డబ్బా ముట్టుకునే ధైర్యం చాలక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

గురుబసప్ప సామాను సర్దుకుంటూ, "కరెంటు పోయింది కదమ్మా, ఈ దినం యాభై వాపస్ ఇచ్చేయి" అన్నాడు. సుహాసిని మారు మాట్లాడకుండా ఇచ్చేసింది.

మధ్యాహ్నం లైన్‌మన్ యోహాను వచ్చాడు. రైతులంతా చుట్టూ నిలబడ్డారు. అతను ఫ్యూజు డబ్బా తెరుస్తుంటే సుహాసిని మొగుడి వెనక్కి జరిగింది. యోహాను తొంగిచూసి, "ఇండ్ల తీగే లేదు, కాలి రాలిపోయింది. అయినా లోపల కాయిల్ దక్కలే. పాత ట్రాన్స్‌ఫార్మరు కద" అన్నాడు.

సుహాసిని మొగుడి వైపు చూసింది. మొగుడు ఆమె వైపు చూశాడు. ఇంటికొచ్చాక, "నువ్వు తీసినవా?" అంటే, "నేనేడ తీసిన, నువ్వు గాదా?" అనుకున్నారు. దేవుడే కాపాడాడని లక్ష్మణ్ దండం పెట్టుకున్నాడు. సుహాసినికి మాత్రం ఆ దేవుడెవరో అంతుపట్టలేదు.

పుష్కరాల డ్యూటీలో సిబ్బంది అంతా ఘాట్ల దగ్గరే ఉన్నారు. రైతులే కాలిన ట్రాన్స్‌ఫార్మరును ట్రాక్టరులో రిపేరుకు గద్వాలకు తీసుకుపోతే పని తొందరగా అవుతుందన్నాడు యోహాను. ట్రాన్స్‌ఫార్మరు కాలితే ఎవరి తప్పని అడగకుండా మోటరుకింత అని వేసుకోవడం ఆ పక్క ఆనవాయితీ. ఆ ఆరు మోటర్ల రైతుల్లో రామన్న అందరికీ పెద్ద, ఆయన మాటే ఖాయం. మోటరుకు వెయ్యి అన్నాడు.

సాయంత్రం రామన్న ఇంటి అరుగు మీద కూర్చున్నారు. లక్ష్మణ్ వెయ్యి తీసి ఇచ్చాడు. అవి బండ్ల పైసలే. సుహాసిని గోడ పక్కన నిలబడి చూస్తోంది.

"రెండు బల్బులేనంటివి కదరా?" అని, పొద్దున గద్దె దగ్గర అడిగినట్టే, రామన్న లక్ష్మణ్‌ను మరోసారి నిలదీశాడు.

"రెండు బల్బులే పెద్దనాయిన."

అప్పుడే సత్తెమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి, నలిగిన నోట్లు రామన్న ముందు పెట్టింది.

"ఇంత జల్ది పైసలు యాడివే సత్తెమ్మ? నర్సింహులు పంపిండా?"

"ఆయన పంపేసరికి చేను ఎండిపోతది. మేకనమ్మిన."

సుహాసిని ఉలిక్కిపడింది. "అక్కా, అది ఈననీకొచ్చిన మేక కద!"

"అయితేంది? ఊడలు దిగేటప్పుడు నీళ్లు లేకుంటే పల్లి మల్ల వస్తదా? మేకంటే మల్ల కొనుక్కోవచ్చు."

మామూలుగా అంది ఆ మాట, ఉప్పు నిండుకుందని చెప్పినట్టు. ఎవరినీ తప్పుపట్టలేదు, ఎవరి వైపూ చూడలేదు. సుహాసినికి మాత్రం ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. ఆ మేక పిల్లగా ఉన్నప్పటి నుంచి తనకు తెలుసు. పాలు అమ్ముకునేది లేదు, చిన్నపిల్లలున్న ఇళ్లకు ఊకెనే పోసేది సత్తెమ్మ. తాను ఇటుకలు లెక్కబెట్టుకుంటుంటే ఆమె మేకను తోలుకుపోయి అమ్మింది.

"అక్క పైసలు అక్కకియ్యుండ్రి" అంది సుహాసిని. "ఎవ్వల పైసలొద్దు. ట్రాన్స్‌ఫార్మరు మా వల్లనే కాలింది."

"సుహాసిని!" లక్ష్మణ్ లేచి నిలబడ్డాడు.

"కూసో. ఎన్ని దినాలు దాస్తం? బండ్లోళ్లు హీటర్లు పెట్టిండ్రు. ఫ్యూజు పోతుంటే దొడ్డుతీగ పెట్టమని నేనే చెప్పిన. ఈయన వద్దన్నా వినలే."

అరుగు మీద గగ్గోలు లేచింది. రామన్న కోపంతో ఊగిపోయాడు. "ఆరిండ్ల పంట మీదికి తెస్తివి కదరా! నా మొకం మీద అబద్ధమాడినవు. రేపు లైన్‌మన్‌ను పిలుస్త. కేసు పెట్టి, మీ మోటరు లైను తీసేస్తేనే బుద్ధొస్తది!"

లక్ష్మణ్ తల వంచుకున్నాడు. లైను తీసేస్తే సేద్యమే లేదు. ఆడదాని నోరు ఊరుకోక కొంప ముంచిందని వెనక నుంచి ఎవరో అన్నారు కూడా. సుహాసిని ఏడవలేదు, చెప్పాల్సింది చెప్పేశానన్న మొండితనంతో అలాగే నిలబడింది.

"ఏం చూపించి కేసు పెడ్తవు రామన్న మామ?" సత్తెమ్మ అడిగింది. "లైన్‌మన్ డబ్బా తెరిచి చూడలేదా? దొడ్డుతీగ ఉన్నదా అండ్ల? లేని తీగకు కేసేంది? ఖర్చంతా వాళ్లు పెట్టుకుంటమంటున్నరు. రేపు ట్రాక్టరు సంగతి చూడుండ్రి, పంట ఆగదు."

రామన్న కాసేపు గొణుక్కుని, ఎవరి పైసలు వాళ్లకు తిరిగి ఇచ్చాడు. లక్ష్మణ్‌కు మాత్రం గద్వాలకు ట్రాక్టరు నువ్వే తోలాలని హుకుం వేశాడు.

ఇంటిదారిలో సుహాసిని సత్తెమ్మ వెనక పడింది. "నువ్వే తీసినవు కదక్కా?"

"చప్పుడు ఇనగానే ఉరికిన. ఎవలు రాకముందే కరెంటు బందు చేసే హ్యాండిల్ కిందికి గుంజి, డబ్బల దొడ్డుతీగ కనబడితే తీసి పారేసిన."

"నువ్వొద్దన్నంక మేము చేసినం. మాకెందుకు చేసినవు?"

సత్తెమ్మ నడక ఆపింది. "నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి లక్ష్మణ్ నిక్కరేసుకుని తిరిగేటోడు. అత్త సచ్చిపోతే నేనే అన్నం పెట్టిన. వాణ్ని కేసుల ఇరికిచ్చి, మీ బావకు నా మొకమెట్ల చూపిస్త?" కాస్త ఆగి అంది. "తీగైతే తీసిన గాని, నోరు తెరిచి నువ్వే చెప్తవా లేదా అని చూసిన. చెప్పకపోతివా, ఈ జన్మల నీతోని మాట్లాడకపోదును."

సుహాసిని ఆమె చెయ్యి పట్టుకుంది. సత్తెమ్మ విడిపించుకోలేదు.

ట్రాన్స్‌ఫార్మరు బాగై వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. బండ్ల పైసలన్నీ దానికే పోయాయి, పైన కొంత అప్పు కూడా అయింది. మేకను వెనక్కి కొందామని లక్ష్మణ్ కొత్తకోట సంత దాకా వెళ్లాడు గానీ దొరకలేదు. సత్తెమ్మ చేను గట్ల వెంబడి వాడింది. నడిమి మాత్రం ఇంకా ప్రాణంతో ఉంది.

అన్ని మోటర్లూ ఒకేసారి వేయొద్దని, ఒకటొకటిగా వేయమని యోహాను చెప్పిపోయాడు. ఖాళీ చేను విత్తనానికి తడుపుకోవడానికి మొదటి వంతు ఖర్చు పెట్టుకున్న లక్ష్మణ్‌దేనన్నాడు రామన్న. "ముందు అక్కది" అంది సుహాసిని. లక్ష్మణ్ పోయి వదినె మోటరు మీట నొక్కాడు.

నీళ్లు కాలవలోకి దూకాయి. సుహాసిని చీర ఎగదోపి, పార పట్టుకుని సత్తెమ్మ చేలోకి దిగింది. పెళ్లైన కొత్తలో ఆ చేనంతా ఒక్కటిగా ఉన్నప్పుడు ఇద్దరూ కలిసే నీళ్లు కట్టేవాళ్లు. ఇప్పుడు నెర్రెలిచ్చిన మట్టిలోకి నీళ్లు చప్పుడు చేస్తూ ఇంకుతుంటే, వాడిన ఆకుల కింద ఊడలు కనబడుతుంటే, ఆమెకు అన్ని రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పార మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చింది.

అవతలి మడిలోంచి సత్తెమ్మ కేక వేసింది. "ఏడ్సుడు తర్వాతనే పిల్లా, నీ కాడ గట్టు తెగుతున్నది చూడు!"

సుహాసిని కళ్లు తుడుచుకోకుండానే పారెడు మట్టి ఎత్తి గండికి అడ్డం వేసింది.