చెప్పకుండా కప్పిన గోడ

బెల్లం వ్యాపారి గణపతిరావు ఇంట్లో గోడకి కాయితం అంటిస్తున్నారని తెలిసి వీధి వీధంతా నవ్వింది. గోడకి సున్నం వేస్తారు, మరీ చేతిలో డబ్బాడితే రంగు వేయిస్తారు. చీర కట్టినట్టు కాయితం చుట్టడమేమిటి? "బెల్లం కాడికి సీమలొస్తాయి, డబ్బు కాడికి పిచ్చొస్తాది," అన్నాడట ఎదురింటి ముసలాయన. ఆంధ్ర రాష్ట్రం వచ్చి మూడేళ్ళవుతున్నా, చోడవరంలో అప్పటికి గోడకాయితం అంటే ఏమిటో చూసినవాళ్ళు పది మంది లేరు.

గణపతిరావు విశాఖపట్నంలో ఒక షావుకారు ఇంట్లో దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. సరదా ఆయనదే. పట్టుదల మాత్రం ఆయన రెండో భార్య నూకరత్నానిది. ఆ పట్టుదలకి కారణం పడకగదిలో పడమటి గోడ.

ఆ గోడ మీద మొదటి భార్య కనకమహాలక్ష్మి ఉంది. మూడేళ్ళ కిందట రెండో కాన్పులో, బిడ్డతోపాటు పోయింది. పసుపు కుంకాలతో పోయిన మనిషి కాబట్టి ఇంటిని కాచే పేరంటాలు దేవతయింది. గోడకి పసుపు రాసి, దాని మీద వరసగా కుంకం బొట్లు పెట్టి, అదే కనకం అన్నారు. శుక్రవారం శుక్రవారం నూకరత్నం తలంటుకుని, ముందు గోడకి బొట్టు పెట్టి, తరవాతే తన నుదుట పెట్టుకోవాలి. కొత్త చీర కొన్నా ముందు ఆ గోడకి ఆనించాలి. సవతి మట్టిబొమ్మయినా ఓర్చుకోలేరంటారు. నూకరత్నం రెండేళ్ళు ఓర్చుకుంది. పాపం, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆమెకి ఓపిక నశించింది బొట్ల వల్ల కాదు, ఆరేళ్ళ చిన్నతల్లి వల్ల. కనకం కూతురు. నూకరత్నం ఆ పిల్లకి జ్వరమొస్తే మూడు రాత్రులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తన పళ్ళెంలో చేప ముళ్ళు తీసి తినిపించింది. అయినా పిల్లకి దెబ్బ తగిలితే పరిగెత్తేది గోడ దగ్గరికే. చెంప గోడకానించి "అమ్మా, సూడే" అని చెప్పుకునేది. ఈమె మాత్రం పిన్నే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిల్ల తనని అమ్మా అని పిలిస్తే చాలనుకునేది నూకరత్నం. ఆ కోరికతో ఆమె లోపల్లోపల ఉడికిపోయేది.

అత్తగారు నరసమ్మ వరినాట్లకి సాయంగా చీడికాడలో కూతురింటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ బస్సు దగ్గర గట్టిగా చెప్పింది. "ఒసే రత్నం, సున్నాలేసినపుడు పడమటి గోడ జోలికెళ్ళకు. ఎయ్యాలంటే నేనొచ్చేక సెప్పి కదిలిస్తాను. పీట మీద పసుపుముద్ద పెట్టి, గోడ మీది బొట్టు తీసి దానికెట్టి, లేచిరా తల్లీ అని పిలవాల. ఆ బొట్టు ఎక్కడెడితే కనకం అక్కడుంటాది. పనయ్యేక మళ్ళీ గోడకెట్టాల."

నూకరత్నం బుద్ధిగా తలూపింది.

మర్నాడే కాయితం అంటించే ఏసుపాదం వచ్చాడు. వాల్తేరు బంగళాల్లో దొరల గోడలకి కాయితాలు అంటించిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. పని మొదలెట్టేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. డిజైన్ల పుస్తకం తెచ్చి వసారాలో పరిచాడు. గణపతిరావుకి గుమ్మడికాయలంత గులాబీలు నచ్చాయి. చిన్నతల్లి పేజీలు తిప్పి తిప్పి ఒకదాని మీద వేలు పెట్టింది. పసుప్పచ్చ నేల, దాని మీద చిన్నచిన్న ఎర్ర పువ్వులు.

"పిన్నీ, ఇది అమ్మలాగుంది."

నూకరత్నం ఆ పేజీ తిప్పేసింది. పుస్తకంలో పసుపూ ఎరుపూ మచ్చుకైనా లేని కాయితం ఒకటే ఉంది. లేత నీలం మీద తెల్ల తీగ. అదే కావాలంది. గణపతిరావు గులాబీల వైపు ఓసారి బెంగగా చూసి సరేనన్నాడు.

కాయితపు చుట్టలు వచ్చేలోపు, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం చూసి, ఆమె అట్లకాడతో పడమటి గోడ గీకేసింది. గీకిన పొడి కొంగులో మూటగట్టి దొడ్లో పారబోసింది. పైన రెండు పూతలు సున్నం వేసింది.

కాయితం అంటించే రోజు గణపతిరావు అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి వెళ్ళాడు. మర్నాటికి గాని రాడు. ఏసుపాదం మైదాలో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపి జిగురు కాచాడు. మూడు గోడలు మధ్యాహ్నానికి అయిపోయాయి, ఒక్క ముడత లేదు. పడమటి గోడ దగ్గర పని ఆగింది. కాయితం మీద, మనిషి మొహం ఎత్తులో, అరచేతంత బుడగ ఒకటి లేచింది. బ్రష్షుతో అదిమాడు. పోయింది. మళ్ళీ లేచింది. కాయితం ఊడదీసి, గోడ తుడిచి, మళ్ళీ అంటించాడు. అక్కడే లేచింది.

ఏసుపాదం నిచ్చెన దిగి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, ఈ గోడ మీద ముందేటైనా ఉండేదేటి?"

"ఏటీ లేదు బాబూ. వట్టి గోడే."

అలా తడుముకోకుండా అబద్ధమాడేసింది. అతను క్రైస్తవుడు, గోడ మీద పేరంటాలు సంగతి అతనికేం తెలుస్తుంది? తడి ఆరలేదేమో అనుకున్నాడు. వానపొద్దు కావడంతో సామాను సర్దుకున్నాడు. "రేపొద్దుటిదాకా తలుపులూ కిటికీలూ తియ్యకండమ్మా, గాలి తగిలితే కాయితం లేచిపోతాది. బుడగ మళ్ళీ లేస్తే సూదితో సిన్న సిల్లెట్టి, తడిగుడ్డతో అదమండి," అని చెప్పి, గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి చూసి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టేవేళకి వాన పట్టుకుంది. వసారాలో చాప మీద చిన్నతల్లి పడుకుని, మూసిన గది తలుపుకేసి చూస్తోంది.

"పిన్నీ, అమ్మకి ఊపిరాడతాదా?"

"తప్పు. అలాగనకూడదు. పడుకో."

పిల్ల నిద్రపోయింది. వాన చూరు మీంచి ధారలుగా పడుతోంది. నూకరత్నం బియ్యం ఏరుతూ కూచుంది. కాసేపటికి వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు వినబడింది. గదిలోంచి. కాయితం ఉబ్బి తగ్గుతున్నట్టు... టప్... ఆగి, మళ్ళీ టప్. బల్లి అయివుంటుందనుకుంది. తరవాత వాసన వచ్చింది. మైదా జిగురు వాసన కాదు. వాము, వెల్లుల్లి, సాంబ్రాణి పొగ. బాలింత గది వాసన.

ఆ ఇంట్లో మూడేళ్ళుగా పురుడు లేదు.

లోపలికి వెళ్ళకుండా ఉంటే బాగుండేది. కానీ అంత ఖరీదు పెట్టిన కాయితం పాడైతే పొద్దున మొగుడికేం చెబుతుంది? అత్తగారికేం చెబుతుంది? సూదీ తడిగుడ్డా తీసుకుంది, లాంతరు పట్టుకుంది. గాలి తగలకూడదన్నాడు కదా, లోపలికెళ్ళి తలుపు మూసింది.

మూడు గోడలూ నున్నగా ఉన్నాయి. పడమటి గోడ మీద బుడగ ఉంది. పెద్దదయింది. లాంతరు దగ్గరగా పెట్టి చూసింది. అది ఉబ్బుతోంది. నెమ్మదిగా తగ్గుతోంది. మళ్ళీ ఉబ్బుతోంది. నిద్రలో ఉన్న మనిషి పొట్టలాగ.

తడి, అనుకుంది. తడికి కాయితం అలాగే చేస్తుంది.

సూది గుచ్చింది.

గాలి వచ్చింది. వెచ్చగా ఆమె మణికట్టుకి తగిలింది. పిడికెడు గాలి పట్టే బుడగ... గాలి ఆగలేదు. వస్తూనే ఉంది. ఆగి, లోపలికి పీల్చుకుని, మళ్ళీ వచ్చింది.

చిల్లులోంచి ఎర్రగా చెమ్మ దిగింది. లేత నీలం మీద ఒక చుక్క. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. వరసగా. పాత బొట్లు ఉన్నచోటే, అదే ఎడంతో.

"పసుపూ సున్నం కలిస్తే ఎర్రబడదా ఏటి," అంది పైకే. పారాణి కలిపిన ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే. తడిగుడ్డతో అదిమింది. తుడిచింది. గుడ్డ ఎర్రబడింది, వేళ్ళు ఎర్రబడ్డాయి. చుక్కలు చెరగలేదు.

అప్పుడు వినబడింది. చెవి దగ్గర కాదు. అరచేతి కింద.

"సెప్పనేదేటే..."

గోడలకి చెవులుంటాయంటారు. నోరుంటుందని ఎవరూ చెప్పరు. నూకరత్నం వెనక్కి జరగబోయింది. చెయ్యి గోడ మీంచి తియ్యలేకపోయింది. రెండేళ్ళలో ఎన్నడూ పిలవని పిలుపు నోటికొచ్చింది.

"అక్కా... తప్పయిపోయింది... పిల్ల కోసం సేసేను... నన్నమ్మా అంటాదని..."

"అలాగే," అంది గోడ.

ముచ్చెమటలు పోసి కళ్ళలోకి కారుతున్నాయి. కళ్ళు మండి, నుదురు తుడుచుకుంది. ఎర్రబడ్డ వేలితోనే తుడుచుకుంది. అంతే. బుడగ చప్పున చదునైపోయింది. చుక్కలు ఇంకిపోయాయి. గోడ నున్నగా, లేత నీలంగా, మచ్చలేకుండా నిలబడింది.

ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు. లాంతరు వెలుగు పడి చిన్నతల్లి లేచి కూచుంది. కళ్ళు నులుముకుని ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత రెండు చేతులూ చాచింది.

"అమ్మా!"

నూకరత్నం భోరుమంది. పిల్లని గుండెకి హత్తుకుని, దాని తల తడిసిపోయేలా ఏడ్చింది. భయం, సంతోషం అన్నీ కలిసిన ఏడుపు. ఆ రాత్రంతా పిల్ల ఆమె మెడ వదల్లేదు.

పొద్దున స్నానం చేసినప్పుడు, రాత్రి ఆ వేలితో నుదుట పడ్డ బొట్టు చెరగలేదు. సున్నిపిండి పెట్టి రుద్దినా పోలేదు. పారాణి అంత తొందరగా పోదులే అని సరిపెట్టుకుంది.

మొదటి బస్సుకి నరసమ్మ దిగింది. వీధిలోనే ఎవరో కాయితం సంగతి ఊదేసినట్టున్నారు, గుమ్మంలోనే అరిచింది. "ఒసే, ఎవర్నడిగి కప్పేవే ఆ గోడ? సెప్పి కదిలించేవా?"

నూకరత్నం జవాబు చెబుదామని నోరు తెరిచింది. మాట రాలేదు. కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. చెయ్యి వాసం మీదికి లేచి, సందులో ఎక్కడో తడిమి, దుమ్ముపట్టిన చిన్న ఇత్తడి డబ్బీ తీసింది. తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

నరసమ్మ అరుపు ఆగిపోయింది. అది ఆవిడ పొడుం డబ్బీ. పొడుం మానమని పోరి పోరి కనకం ఎక్కడో దాచేసింది, ఆ నెలలోనే పోయింది. మూడేళ్ళుగా ఇల్లంతా వెతికినా దొరకలేదు. నరసమ్మ డబ్బీకేసి చూసింది. కోడలి నుదుటికేసి చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది.

"ఆ బొట్టు... ఎక్కడిదే?" అంది గొంతు తగ్గించి.

గదిలోంచి చిన్నతల్లి మాటలు వినిపిస్తున్నాయి. ఎవరితోనో మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళారు. పిల్ల చాప చుట్టి గోడవార వేసి, దాని మీదెక్కి, మునివేళ్ళ మీద నిలబడి ఉంది. పడమటి గోడ మీద బుడగ మళ్ళీ లేచింది. చిన్నది. ఉబ్బుతోంది, తగ్గుతోంది, తొందరతొందరగా.

"ఏడకు పిన్నీ," అంటోంది పిల్ల. "ఏడకు. అమ్మ సూస్తే కోప్పడతాది."

అంటూ వేలితో ఆ బుడగని మెత్తగా నొక్కింది.

గుమ్మం దగ్గర, అంత దూరాన నిలబడ్డ నూకరత్నానికి, తన చెంప మీద ఒక చిన్న వేలు తగిలింది.