మైనం పట్టని కుట్టు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు జరిగిన సంగతి ఇది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే కొట్టు. టార్పాలిన్లు కుడతారు. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కొండ దగ్గర రెండు రాత్రులు గుడారంలో ఉండి వద్దామని ఒక ఉదయం టిఫిన్ల దగ్గర తమ్ముడు అన్నాడు. ఎవరెక్కడ పడుకోవాలో అతని భార్య, అంటే అన్నకి మరదలు, అప్పుడే కాగితం మీద గీసేసింది.

“ఈ మూల నేను. మధ్యలో మా ఇద్దరు పిల్లలు. మీ చిన్నదాన్ని మాత్రం ఇంట్లోనే ఉంచండి బావగారూ. పక్క తడుపుతుంది. గుడారమంతా కంపు.”

ఐదేళ్ల చిన్నది అక్కడే కంచం ముందు కూర్చుని ఉంది. నోటి దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పొద్దుగూకాక మంచినీళ్లు ముట్టలేదు. పెదాలు పగిలినా ముట్టలేదు.

గుడారం కుట్టడం అన్న వంతు. కాగితంలో మరదలి మూల ఎక్కడుందో చూసుకున్నాడు. సరిగ్గా దాని పైన వచ్చే కుట్టుకి మైనం రుద్దకుండా వదిలేశాడు. మైనం లేకపోతే సూది దిగిన ప్రతి చిల్లులోంచీ నీళ్లు కారతాయి.

భార్య చూడనే చూసింది.

“ఈ ఒక్కటీ వదిలేశారేం?”

“పక్క తడిస్తే ఎలా ఉంటుందో ఆవిడగారికీ తెలియాలి.”

“బాగుంది వరస! మీది పాము పగండీ.”

“వాన రానీ, చెప్తా.”

నాలుగు రోజులు మబ్బు పట్టినప్పుడల్లా ఆయనకి కడుపు నిండినట్టుండేది.

ప్రయాణానికి ముందు సాయంత్రం మరదలు కొట్టు దగ్గరికొచ్చింది. చేతిలో పిల్లల పక్క కింద పరిచే రబ్బరు గుడ్డ. గుమ్మం దాటలేదు.

“చిన్నది నీళ్లు మానేసిందని అక్క చెప్పింది బావగారూ. నా నోరు పడిపోను.”

ఆయన కత్తెర ఆపలేదు. “ఇప్పుడా గుర్తొచ్చింది?”

“తిట్టండి. పదేళ్లొచ్చేదాకా నేనూ తడిపినదాన్నే. మా అమ్మ ఆ దుప్పటే నా నెత్తిన కప్పి వీధి గుమ్మంలో నిలబెట్టేది. అందరూ నవ్వేవాళ్లు. ఇన్నేళ్లకి నా నోట్లోంచి మా అమ్మ మాటే వచ్చింది.” ఆమె రబ్బరు గుడ్డ ఎత్తి చూపించింది. “చిన్నదాన్ని నా మూలలో, నా పక్కనే పడుకోబెట్టుకుంటా. తడిపితే ఇద్దరం తడిపామని చెప్తా.”

కత్తెర ఆగింది. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన పెరట్లో గుడారం వేశాడు. మరదల్ని పిలిచి, నిండు బకెట్ చేతికిచ్చాడు. తను లోపలికెళ్లి ఆమె మూలలో వెల్లకిలా పడుకున్నాడు.

“అమ్మాయ్, పైనున్న కుట్టు మీద పొయ్యి. మైనం నేనే పెట్టలేదు. నువ్వు తడవాలని.”

బయట బకెట్ ఎత్తిన చప్పుడైంది.

“ఎంత పొయ్యమంటారు బావగారూ?”

“అంతా.”

నీళ్లు మొహం మీదికి దిగాయి. ఆయన పక్కకి జరగలేదు.