ముప్పై తొమ్మిది మగ పొదలు

పెద్ద మాలి నుదుటికి పిస్టల్ ఆనించాడు ఏజెంట్ కొడవలి.

"ఏ కుండీలో పెట్టావ్?"

"నేను పెడితే కదా బాబూ తెలిసేది."

గోడ గడియారం పదీ యాభై ఒకటి చూపిస్తోంది. పదకొండుకి పక్క హాల్లో రెండు దేశాల మంత్రులు ఒప్పందం మీద సంతకాలు పెడతారు. ఈ గ్లాస్‌హౌస్ నుంచి హాల్లోకి గాలి వెళ్లే గొట్టం ముందు నలభై కుండీలున్నాయి. వాటిలో ఒకదాని మట్టి కింద విషవాయువు సిలిండర్, దానికో టైమర్. జనాన్ని బయటికి పంపిస్తే, ఎక్కడో కాపు కాస్తున్న విదేశీ ముఠా మనిషి రిమోట్ నొక్కేస్తాడు. అందుకే కొడవలి మాలి వేషం వేసుకుని వచ్చాడు. అతని వెంట సాక్షిగా వచ్చింది ఒక్క వదినే.

సిల్కు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. ముఠాలో చేరి ఏజెన్సీకి రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్ ఆమె. మూడు వారాల క్రితమే భర్తను పోగొట్టుకుంది. ఈ కుండీల్లో మొక్కలు పెంచింది ఆ భర్తే, కొడవలి అన్నయ్య.

"ఆ రోజు మీ అన్నయ్యని కొండమీదికి తీసుకుపోయింది ఇతనే. నా కళ్లతో చూశాను. ఇంకా ఏంటి ఆలోచిస్తున్నావ్? కాల్చెయ్," అంది వదిన.

కొడవలి వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. అన్నయ్య శవాన్ని కొండవాలు మీంచి భుజాన మోసుకొచ్చిన రోజు అతను ఒకటే అనుకున్నాడు. చంపినవాణ్ణి అరెస్టు చెయ్యను.

మాలి రెప్ప వాల్చలేదు. "ముందు కుండీ వెతుకు బాబూ. నన్ను పదకొండు దాటాక కూడా కాల్చుకోవచ్చు. ఈ మోకాళ్లేసుకుని ఎక్కడికి పరిగెడతాను?"

"నేను కారు దగ్గర ఉంటా," అని వదిన బయటికి నడిచింది.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "ఏడు నిమిషాలు. డిటొనేటర్ లాగేస్తే చాలు. కానీ ఆ కుండీ గట్టిగా కదిలితే పేలుతుంది. అన్నీ తవ్వే పని పెట్టుకోకు."

నలభై పొదలూ ఒకే ఎత్తు. ఒకే ఆకు. ఒకే పూత.

"ఇవి చామంతి కుటుంబమే," అన్నాడు మాలి గబగబా. "కానీ ఈ అడవిపొదలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడదానికి విత్తనం కట్టిందంటే గదంతా దూది ఎగురుతుంది. అందుకే మీ అన్నయ్య ఒకే ఒక మగ పొద కొమ్మల్ని ముక్కలు కోసి నాటాడు. విత్తనమన్నది ఈ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. రోజూ నా జేబులు కూడా దులిపించేవాడు."

"అంటే నలభైయీ మగవే ఉండాలి."

"అవును. సిలిండర్ దాచినవాళ్లు కుండీనే మార్చి ఉంటే, అందులోది కొండమీంచి పీక్కొచ్చి పెట్టిన పరాయి పొదే. అది ఆడదైతే మన అదృష్టం. మగదైతే మన ఖర్మ."

కొడవలి పిస్టల్ దించాడు. నల్ల గ్లవ్ తొడుక్కుని అరచేతిని మొదటి పూగుత్తి కింద పెట్టి, గుత్తిని సుతారంగా మీటాడు. గ్లవ్ మీద పసుప్పచ్చ పుప్పొడి రాలింది. దులుపుకుని రెండోదాని దగ్గరికి వెళ్లాడు. పుప్పొడే. పదోది, ఇరవయ్యోది, అన్నీ అంతే.

"మూడు నిమిషాలు," అన్నాడు చీఫ్.

ముప్పై ఒకటో కుండీ. ఏమీ రాలలేదు. మళ్లీ మీటాడు. గ్లవ్ నల్లగానే ఉంది. వాచీలోని లెన్స్ తిప్పి చూశాడు. ఒక్క పువ్వులా కనిపించే గుత్తిలో బోలెడు బుల్లిపూలు, ఒక్కోదాన్నుంచీ పట్టుదారం లాంటి తెల్లటి పోగు. పుప్పొడి జాడే లేదు.

"ఆడది," అన్నాడు.

మాలి కాండాన్ని కదలకుండా పట్టుకున్నాడు. కొడవలి వేళ్లతో మట్టిని పొరలు పొరలుగా తీశాడు. చల్లటి ఇనుము తగిలింది. సన్నటి తీగె చివర డిటొనేటర్. ఊపిరి బిగబట్టి లాగాడు.

టైమర్ మీద నాలుగు సెకన్లు మిగిలాయి.

హాల్లో చప్పట్లు మోగాయి. మాలి నేలమీద చతికిలబడి, "ఇప్పుడు కాల్చుకో బాబూ," అన్నాడు.

కొడవలి కాల్చలేదు. బయటికి నడిచి కారు కిటికీ దగ్గర వంగాడు. వదిన కళ్లద్దాలు తీసి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏమైంది?"

"ఆ రోజు సంగతి ఇంకోసారి చెప్పు వదినా. మాలి వచ్చేసరికి మీరిద్దరూ ఏం చేస్తున్నారు?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఇక్కడే, గ్లాస్‌హౌస్‌లో, మొక్కల పని. మీ అన్నయ్య విత్తనాలు చల్లుతుంటే నేను నీళ్లు పోస్తున్నా. అప్పుడే అతనొచ్చి పిలిచాడు."

"విత్తనాలు?"

"మరి? కొండమీంచి తనే ఏరుకొచ్చాడుగా."

వదిన చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారింది. లోపల ఏదో నొక్కిన చప్పుడు. మళ్లీ నొక్కిన చప్పుడు.

"అది ఇక పనిచెయ్యదు," అంటూ అతను పిస్టల్ సేఫ్టీ తీశాడు.

చెవిలో చీఫ్ విసుక్కున్నాడు. "కొడవలీ, రిపోర్టు చెయ్యి. మాలి పోయాడా?"

"లేదు చీఫ్, మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ముప్పై తొమ్మిదింటికే."

"మరి మీ అన్నయ్యని చంపిందెవరు?"

"మా వదిన."