ఎదురొచ్చిన పాస్టరమ్మ

"ఇవాళ ఏం మర్చిపోయారు?"

చర్చి గేటు దగ్గర బొగ్గుల బకెట్టు పట్టుకుని నిలబడి మోర్వెన్ అడిగింది. ఎర్లెండ్ ఉన్నచోటనే ఆగిపోయాడు. కాళ్ళకి రబ్బరు బూట్లు, భుజాన తాళ్ళ చుట్ట. ఎవరు చూసినా సముద్రం మీద వేటకి బయల్దేరాడనే అంటారు.

"చేతి తొడుగులు," అన్నాడు.

"చేతులకే ఉన్నాయిగా!"

ఎర్లెండ్ చేతులు చూసుకున్నాడు. ఉన్నాయి, మహానుభావుడికి. గిరుక్కున తిరిగి ఇంటిదారి పట్టాడు. నిన్న ఫ్లాస్కు మర్చిపోయాడు. మొన్న పీతలకి వేసే ఎర మర్చిపోయాడు. ఇలా రోజూ ఆ అమ్మాయిని చూడటం, ఏదో ఒకటి గొణగడం, వెనక్కి పోవడం.

అసలు సంగతి ఏమిటంటే, హామర్సే దీవిలో జాలరికి పాస్టరు ఎదురైతే ఆ రోజు పడవ తియ్యకూడదు. పడవలో పాస్టరు అన్న మాటే ఎత్తరు, "నల్లకోటు" అంటారు. ఈ సంగతి పాస్టరు మొహం మీద చెప్పడం మర్యాద కాదు గనక ఎవరూ చెప్పరు. పాత పాస్టరు పొద్దెక్కితే గానీ లేచేవాడు కాదు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఆయన మోకాలి ఆపరేషన్‌కి వెళ్తే, చలికాలం గడిచేదాకా చర్చి చూసుకోమని పెర్త్ పట్నం నుంచి మోర్వెన్‌ని పంపించారు. ఈ పిల్లేమో చీకటితోనే లేచి బొగ్గులకి బయటికొస్తుంది!

ఇంటి దగ్గర తాత గిబ్బీ పొయ్యి పక్కన సిద్ధంగా ఉన్నాడు.

"వచ్చావా? మళ్ళీ ఎదురైందా?"

"అయింది తాతా."

"ఒరేయ్, ఒడ్డు వెంట దారుందా లేదా?"

"ఉంది."

"పడవలు కట్టే జెట్టీకి అదే దగ్గరా కాదా?"

"దగ్గరే."

"మరి రోజూ చర్చి మీదుగా ఎందుకు ఏడుస్తావురా?"

ఎర్లెండ్ ఉడికిన బంగాళదుంప మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. నోటి నిండా తిండి ఉన్నవాడు జవాబు చెప్పక్కర్లేదు కదా.

చలికాలం అలాగే నడిచింది. తెల్లారినట్టే ఉండి చీకటి పడిపోయే రోజులు. ఆ దీవిలో వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు వేసుకుని వచ్చిన మోర్వెన్‌ని చూసి మొదటి వారం ఊరంతా నవ్వింది. తర్వాత ఆడవాళ్ళు చర్చి హాల్లో పక్కన కూర్చోబెట్టుకుని అల్లిక నేర్పారు. ఆమె అల్లిన మొదటి మేజోడు ఏ కాలికీ పట్టలేదు. ఆమే అందరికన్నా గట్టిగా నవ్వింది. మూల కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఎర్లెండ్‌కి ఆ నవ్వు ఎక్కడో తగిలింది. మనసు పడ్డాడు. పడ్డానని వాడికీ తెలుసు. కానీ వసంతం రాగానే ఫెర్రీ ఎక్కి వెళ్ళిపోయే మనిషితో ఏమని చెప్పడం?

ఫిబ్రవరిలో ఒకరోజు ఎర్లెండ్ పాలకని కొట్టుకి వెళ్తే, కొట్టు నడిపే రూబీ నిట్టూర్చింది.

"పాపం పాస్టరమ్మ! పాత పాస్టరు ఇక రారట. ఇక్కడే ఉండిపొమ్మని చర్చి పెద్దలు అడిగితే ఉండనందట. ఆదివారం అందరికీ చెప్పేస్తుందట."

"ఎందుకుండదు?"

"'నా మొహం చూస్తేనే గిట్టక రోజూ వెనక్కి తిరిగిపోయే మనిషి ఉన్న ఊళ్ళో ఎలా ఉండను?' అందట. ఆ మనిషెవరో నాకు తెలీదులే నాయనా," అంటూ రూబీ వాడి మొహంలోకే చూసింది.

ఎర్లెండ్ పాల సంగతే మర్చిపోయాడు. ఈసారి నిజంగానే. వడగళ్ళలో తడుస్తూ పాస్టరు గారింటికి పరుగెత్తాడు.

మోర్వెన్ తలుపు తీసింది. "ఏం మర్చిపోయారు?" అంది. గొంతులో ఎప్పటి సరదా లేదు.

"మీకో సంగతి చెప్పడం. పాస్టరు ఎదురైతే మేం వేటకి వెళ్ళం. మీరని కాదు, ఏ పాస్టరైనా అంతే. అందుకే తిరిగిపోయేవాణ్ణి."

ఆమె మొహం పాలిపోయింది. "అంటే నేను అపశకునాన్నా? చలికాలమంతా మీ వేట పాడుచేశానా? ఎవరైనా ఒక్క మాట చెబితే ఇంట్లోనే ఉండేదాన్ని కదండీ!"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయ్యో, బాగుచెయ్యబోయి ఇంకా చెడగొట్టానే అనుకున్నాడు ఎర్లెండ్.

"జెట్టీకి ఇంకో దారుంది," అన్నాడు గబగబా. "ఒడ్డు వెంట. అదే దగ్గర."

"మరి ఇటెందుకొస్తారు?"

కిటికీ మీద వడగళ్ళు టపటపా కొడుతున్నాయి. వాడు టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"మీరు ఎదురు రావాలని."

"వేట పోతుందని తెలిసీనా?"

"తెలిసే. సముద్రం ఎక్కడికీ పోదు. మీరే పోతారు."

మోర్వెన్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

"ఎంత మొండివాడివయ్యా! ఈ మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మీరు" కాస్తా "నువ్వు" అయిందని వాడికి ఇంటికి వెళ్ళే దారిలో గానీ తట్టలేదు. పక్కన ఆమె కూడా నడుస్తోంది. తాతతో తానే మాట్లాడతానని బయల్దేరింది.

"తాతగారూ, నేనిక్కడ ఉండిపోతే మీ పడవ గతేంటి?" అని గుమ్మం దాటగానే సూటిగా అడిగింది మోర్వెన్. "మీకు రోజూ ఎదురొస్తూనే ఉంటానుగా."

ముసలాయన పొయ్యిలో మంట ఎగదోశాడు. మనవణ్ణి చూశాడు, ఆమెని చూశాడు.

"మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ వేటకి వెళ్ళేటప్పుడు రోజూ గుమ్మంలో ఎదురొచ్చేదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంటి మనిషి ఎదురొస్తే దాన్ని శకునం అనరు. సాగనంపడం అంటారు."

ఆ వెంటనే గొంతు పెంచాడు. "ఒరేయ్, త్వరగా ఇంటి మనిషిని చేసుకో. నీళ్ళలో వేసిన బుట్టల్లో పీతలు ముసలివైపోతున్నాయి!"

ఎర్లెండ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. మోర్వెన్ తడిసిన కోటు విప్పి, పొయ్యి పక్కన కుర్చీ మీద ఆరేసింది.

"ఆదివారం దాకా ఆగమనండి తాతగారూ," అంది. "ముందు నేను ఉంటున్నానని సంఘానికి చెప్పాలి."