వెనక సీట్లో మిస్ సరోజ

“మీ ఆవిడ వెనక సీట్లో కూర్చుంటుంది. నువ్వు డ్రైవరువి,” అన్నాడు పెదనాన్న.

పెదనాన్న అన్నది కోడ్ నేమ్. అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. తెనాలిలో నాటకాల వాళ్లకు మీసాలూ విగ్గులూ అద్దెకిచ్చే కొట్టు మేడమీద ఆయన ఆఫీసు. ఆ మెట్లు దిగిన ఏజెంటును కన్నతల్లి కూడా గుర్తుపట్టేది కాదు.

“ఆవిడ పక్కన?” అడిగాడు ఏజెంట్ సంజీవరావు.

“పాండురంగారావు.”

సంజీవరావుకు ఒళ్లు మండింది. పైకి మాత్రం, “ఎస్ సార్,” అన్నాడు.

పెదనాన్న బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. చీరాల బట్టల ఎగుమతిదారునని చెప్పుకునే పాండురంగారావు ఒక విదేశీ ముఠా మనిషి. మన తీర రక్షణ మ్యాపుల మైక్రోఫిల్మ్ అతని దగ్గరుంది. రేపు పొద్దువాలేలోగా అడవులదీవి దగ్గర పడవ మీది మనిషికి అందిస్తాడు. సామాను రెండుసార్లు రహస్యంగా సోదా చేసినా దొరకలేదు. ఫిల్మ్ లేకుండా అరెస్టు చేస్తే వెంటనే బయటికొచ్చేస్తాడు.

“మీ దేవకుమారి మద్రాసు డాన్సర్ మిస్ సరోజగా వాళ్లలో చేరింది. మన రహస్యాలు అమ్మడానికి వచ్చిందని నమ్ముతున్నారు. ఫిల్మ్ అతని ఒంటిమీద ఉంటే ‘దాహం’ అంటుంది. కారులో ఉంటే ‘ఎండ’ అంటుంది. గుర్తుంచుకో.”

లైటరులో దాచిన కెమెరా, చెప్పు మడమలో దాచిన కత్తి చేతికిచ్చి, ఆయన ఒక్క క్షణం ఆగాడు.

“సంజీవరావ్, ఇది డ్యూటీ. మనసులో ఇంకేం పెట్టుకోకు.”

“లేదండి. నాకేంటండి?”

మర్నాడు మధ్యాహ్నం బాపట్లలో పాండురంగారావు పాత అమెరికన్ కారు బయల్దేరింది. స్టీరింగు దగ్గర తలపాగా చుట్టిన బొద్దుమీసాల డ్రైవర్ పున్నయ్య, అంటే సంజీవరావు. వెనక పట్టు లాల్చీలో పాండురంగారావు. అతని పక్కన చేతుల్లేని జాకెట్టు తొడుక్కుని, నల్ల కళ్లజోడు పెట్టుకున్న మిస్ సరోజ. చర్చిలో ఆడవాళ్ల వైపు కూర్చుని, ఆరాధన అయ్యేదాకా మొగుడి వంక కన్నెత్తి చూడని దేవకుమారి ఈవిడేనా అనిపించింది సంజీవరావుకు.

ఊరు దాటగానే ఇంజన్ మిస్ కొట్టింది. కారు ఒక్క కుదుపు కుదిపింది. మిస్ సరోజ వెళ్లి పాండురంగారావు భుజం మీద పడింది.

“అయ్యయ్యో! సారీ అండి,” అంటూ నవ్వింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో తన మాటకు ఆమె ఇలా నవ్విన పాపాన పోలేదు. సంజీవరావు పళ్లు నూరుతూ అద్దం కాస్త కిందికి వంచాడు.

మళ్లీ మిస్. మళ్లీ భుజం.

“బండి ఆపి చూడమంటారా అండి?”

“వద్దు. పోనివ్వవయ్యా,” అన్నాడు పాండురంగారావు గబుక్కున.

“అబ్బ! ఎండ మండిపోతోందండీ,” అంది మిస్ సరోజ.

పాండురంగారావు మడతపెట్టిన పేపరుతో ఆమెకు విసరడం మొదలుపెట్టాడు. సంజీవరావు ఆ పేపరునే చూశాడు, మాట వినిపించుకోలేదు. ఆమె ఎండ అని ఇంకోసారి గట్టిగా అంది. పేపరు ఇంకా జోరుగా ఊగింది. సంజీవరావు కడుపులో మంట ఇంజన్ వేడిని మించిపోయింది.

చెరుకుపల్లి దాటాక వచ్చిన కుదుపుకు ఆమె తల ఏకంగా పాండురంగారావు గుండెల మీద వాలింది. సంజీవరావు బ్రేకు తొక్కేశాడు.

“ఇలాగే తోలితే రేపల్లె కూడా చేరదండి. ఆ తరవాత మీ ఇష్టం.”

పాండురంగారావు తటపటాయించాడు. పడవ తప్పిపోతుందని అతని భయం. ఈలోగా మిస్ సరోజ అతని చెయ్యి పట్టుకుని రోడ్డు పక్క సోడా కొట్టు పందిరి కిందికి లాక్కెళ్లింది. అక్కణ్ణుంచి ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది.

సంజీవరావు బానెట్ ఎత్తాడు. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టాడు. ఏది పీకినా ఇంజన్ మరింత కుంటింది. ప్లగ్గులన్నీ మంచివే. ఇంజన్ ఆపి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. పగుల్లేదు, చెమ్మ లేదు. రోటర్ బాగానే ఉంది. కరెంటును తెంపి కలిపే పాయింట్లు మాత్రం నల్లగా కాలిపోయాయి. స్విచ్ వేసి, స్క్రూడ్రైవరు మొనతో వాటిని విడదీశాడు. కనీ కనపడని మెరుపు రావాల్సిన చోట పెద్ద మంట ఎగిరింది.

తప్పు ఆ మెరుపును అణచాల్సిన కండెన్సరుదే. కానీ ఆ కండెన్సర్ కొత్తది, తళతళలాడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఎండ! రెండుసార్లు చెప్పింది మహాతల్లి!

బొటనవేలంత ఆ డబ్బా విప్పి అడుగు చీల్చాడు. లోపల రేకూ మైనపు కాగితమూ చుట్టి ఉండాలి. ఆ చుట్టలో సగం తీసేసి, మిగిలిన చోట మైక్రోఫిల్మ్ చుట్టి పెట్టారు. సగం కండెన్సర్‌తో కారు దగ్గక ఏం చేస్తుంది? ఫిల్మ్ తలపాగాలో దోపుకుని, టూల్ బాక్సులోంచి మంచి కండెన్సర్ తీసి బిగించి, పాయింట్లు రుద్దాడు.

తెలివైన గూఢచారి అయితే మిస్ అలాగే ఉంచేవాడు. కానీ సంజీవరావుకు ఇంకొక్క కుదుపు కూడా ఇష్టం లేదు.

రేపల్లె దాటింది. కారు వెన్నలా పోతోంది. మిస్ సరోజ తన చోట తాను కూర్చుంది. సంజీవరావు మనసు చల్లబడింది. ఎదర అడవులదీవి దారి, గాలిలో ఉప్పు వాసన.

మెడ మీద చల్లగా ఏదో తగిలింది. పిస్తోలు.

“బండి ఇంత బాగా ఎందుకు పోతోందోయ్?” అన్నాడు పాండురంగారావు.

“రిపేరు చేశానండి.”

“ఏం మార్చావు? పాతదేది? మూడు లెక్కపెట్టేలోగా ఇయ్యి. ఒకటి...”

సంజీవరావు ఏక్సిలేటర్ తొక్కిపట్టి స్విచ్ ఆపేశాడు.

“రెండు...”

కాలని పెట్రోలు సైలెన్సరులో నిండుతోంది.

“మూ...”

స్విచ్ వేశాడు. వెనక బాంబు పేలినట్టు ఢామ్మంది! పాండురంగారావు అదిరిపడి వెనక్కి తిరిగాడు. అదే అదనుగా దేవకుమారి అతని మణికట్టు మెలితిప్పి పిస్తోలు లాక్కుంది. ఆ పెనుగులాటలో పేలిన గుండు కారు టాపులోంచి ఆకాశానికి పోయింది.

అడవులదీవిలో జాలరుల వేషంలో ఉన్న మన వాళ్లు పడవనూ, పాండురంగారావునూ స్వాధీనం చేసుకున్నారు. అంతా అయ్యాక సంజీవరావు భార్యను నిలదీశాడు.

“అన్నిసార్లు ఆయన మీద పడాలా?”

“కారు దగ్గినప్పుడల్లా ఆయన బానెట్ వంక భయంగా చూస్తున్నాడండీ. కోడ్ చెప్పాను, మీరు వినలేదు. ఇంకేం చేస్తే మీరు కారు ఆపుతారో నాకు తెలీదా?”

ఆమె నల్ల కళ్లజోడు తీసి, చీర కొంగు భుజాల నిండా కప్పుకుని ముందు సీట్లోకి ఎక్కింది. అతను మాత్రం బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, ఎవరూ చూడకుండా కండెన్సర్ వైరు కాస్త వదులు చేశాడు.

తెనాలి దాకా కారు అడుగడుగునా కుదిపింది. దేవకుమారి తలుపు హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, ఒక్కసారైనా ఇటు ఒరగకుండా కూర్చుంది.